మిషన్ మార్చినవ్ సరే, గాలికి తొవ్వేది బావా?

ఇది కోపంతో రాస్తున్న టపా. కోపం పరాయివాళ్ళ మీద కాదు, మన గోదావరిఖని వాళ్ళ మీదే. ఎండాకాలం వచ్చిందంటే మన బొగ్గు బెల్టులో ఏ ఇంటికెళ్ళినా ఒకటే ముచ్చట. కూలరున్నోళ్ళు "కూలర్ పనిజేస్తలేదు, ఏసీ ఏపియ్యాలె" అంటారు. ఏసీ ఉన్నోళ్ళు "టన్ను సాలుతలేదు, టన్నున్నర పెట్టాలె" అంటారు. టన్నున్నర పెట్టించినోళ్ళు ఇన్వర్టర్ ఏసీ మంచిదా, మామూలుది మంచిదా అని నాకు ఫోన్ చేస్తారు (సాఫ్ట్‌వేర్ వాడికి ఏసీలు తెలియకుండా ఉంటాయా అని వాళ్ళ నమ్మకం!). మిషన్ పోయి మిషన్ వస్తుంది. ఆ మిషన్ కొట్టిన గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది అని అడిగిన మనిషిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

ఇందులో నాకు అస్సలు మింగుడుపడని సంగతి ఒకటుంది. గాలిని దారిలో పెట్టి నడిపించడం తెలిసిన జనం తెలుగునేల మీద మనకంటే ఎవరున్నారు చెప్పండి? 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తియ్యడం మొదలైన నాటినుంచి, 1960ల్లో మన దగ్గర బాయిలు తెరిచిన తర్వాత కూడా, మనవాళ్ళు చేసిన పనిలో సగం బొగ్గు తియ్యడమైతే మిగతా సగం గాలి నడపడం. బాయి లోపలికి గాలి వచ్చే దారి ఒకటి, తిరిగి బయటికి పోయే దారి ఇంకోటి. ఇంటేక్, రిటర్న్. చదువు రాని కోల్‌ఫిల్లర్‌కి కూడా ఈ రెండు మాటలు వచ్చు. పైన పెద్ద ఫ్యాను లోపలి గాలిని లాగుతుంది. వచ్చే గాలి, పోయే గాలి అడ్డదారిలో కలిసిపోకుండా మధ్యలో గోడలు కడతారు. మనుషులు, టబ్బులు పోయే చోట ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు పెడతారు, రెండూ ఒకేసారి తెరవకూడదు. గాలి ఫేసు దాకా చేరకపోతే బ్రాటిస్ గుడ్డ కట్టి మళ్ళిస్తారు, ఇంకా దూరమైతే చిన్న ఫ్యానుకి గొట్టం తగిలించి పంపిస్తారు.

ఇదంతా మంచితనం కొద్దీ చేసేది కాదు, చట్టం. 1957 నాటి బొగ్గుగనుల రెగ్యులేషన్స్‌లోనే ఉంది: ఒక డిస్ట్రిక్టులో ఎక్కువమంది పనిచేసే షిఫ్టులో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి, లేదా రోజుకి తీసే బొగ్గులో టన్నుకి నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అంత గాలి అందాలి. తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటితే గాలి సెకనుకి కనీసం ఒక మీటరు వేగంతో కదులుతుండాలి.

ఇప్పుడు అదే కార్మికుడు షిఫ్టు దిగి ఇంటికొస్తాడు. పదడుగులకి పన్నెండడుగుల గది. అయిదుగురు పడుకుంటారు. ఉన్న ఒక్క కిటికీలో కూలర్ ఇరికించారు. చల్లదనం బయటికి పోతుందని తలుపేశారు. దోమలని వెంటిలేటర్‌కి అట్టముక్క కొట్టారు. ఇంటేక్ ఉంది, రిటర్న్ లేదు! బాయిలో ఇలా చేస్తే ఓవర్‌మన్ ఊరుకుంటాడా? ముప్పయ్యేళ్ళు రిటర్న్ ఎయిర్‌వే పక్కన నడిచిన మనిషి ఇంట్లో పడుకుని "కూలర్ జిగటజిగట కొడుతాంది" అని కంపెనీ పేరు తిడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

సరే, తిట్టడం ఆపి లెక్కలోకి వస్తా. కూలర్ చేసే పని ఒక్కటే, నీళ్ళని ఆవిరి చెయ్యడం. ఒక లీటరు నీళ్ళు ఆవిరవ్వాలంటే దాదాపు 2400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని గాలిలోంచి గుంజుకుంటుంది కాబట్టి గాలి చల్లబడుతుంది. గంటకి 10 లీటర్లు ఆవిరి చేసే కూలర్ అంటే 6.7 కిలోవాట్లు, ఏసీ భాషలో రెండు టన్నులకి కొంచెం తక్కువ. కరెంటు మాత్రం రెండు మూడు సీలింగ్ ఫ్యాన్లంత తింటుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలో 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. అప్పుడు తడి బల్బు 24, 25 దగ్గర ఉంటుంది. గడ్డి బాగున్న కూలర్ ఆ తేడాలో నాలుగింట మూడొంతులు దించగలదు. అంటే 44 డిగ్రీల గాలి 29, 30 అయి బయటికొస్తుంది. మీద ఫ్యాను కూడా తిరుగుతుంటే మనిషికి హాయిగానే ఉంటుంది.

కానీ ఈ లెక్కంతా కూలర్ పీల్చేది బయటి పొడిగాలి అయితేనే. కూలర్ వదిలిన తడిగాలి గదిలోంచి బయటికి పోకపోతే రెండే జరుగుతాయి. ఒకటి, గది నిండిపోయి కూలర్ ఫ్యాను కొత్త గాలిని లోపలికి తొయ్యలేక ఊరికే తిరుగుతుంది. రెండు, కూలర్ గది లోపలే ఉంటే (చాలా ఇళ్ళల్లో అదే!) తను వదిలిన తడిగాలినే మళ్ళీ పీల్చి మళ్ళీ తడుపుతుంది. తేమ పెరిగేకొద్దీ దించగలిగే డిగ్రీలు తగ్గిపోతాయి. జూన్‌లో వానలు పడ్డాక 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నప్పుడు ఎంత మంచి కూలరైనా మూడు నాలుగు డిగ్రీల కంటే ఎక్కువ దించలేదు, చేతనైనంత జిగట మాత్రం ఇస్తుంది. తలుపులన్నీ మూసుకుని కూలర్ వేసుకునే ఇంట్లో మే నెలలోనే జూన్‌ని తయారు చేసుకుంటున్నారన్నమాట. మళ్ళీ "ఈ కంపెనీ కూలర్ మంచిది కాదు, ఇంకో కంపెనీది కొందాం".

మిషన్ మార్చి దారి మార్చకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో దేశం సంగతొకటి. మా టీములో అమెరికా నుంచి పనిచేసే ఒకాయన పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. మోటార్‌హోమ్ అంటే బస్సులాంటి బండిలోనే మంచం, వంటిల్లు, బాత్రూము అన్నీ ఉండే ఇల్లు. అక్కడ చలి కాబట్టి దాంట్లో గ్యాసుతో నడిచే ఫర్నేస్ ఉంటుంది. బర్నర్ ఒక ఇనప పెట్టె లోపల మండుతుంది. మంటకి కావలసిన గాలి బండి బయటి నుంచే వస్తుంది, పొగ కూడా బయటికే పోతుంది. ఆ కాలిన పెట్టె మీదుగా ఒక బ్లోయర్ బండి లోపలి గాలిని తోసి, వేడెక్కిన గాలిని నేల కింద గొట్టాల్లోంచి మంచం దగ్గరికీ బాత్రూముకీ పంపిస్తుంది. మంటగాలి, ఊపిరిగాలి ఎక్కడా కలవవు. పాతబడి ఆ పెట్టెకి తుప్పుపట్టి చిల్లు పడితే మాత్రం రెండూ కలుస్తాయి, కార్బన్ మోనాక్సైడ్ పడగ్గదిలోకి వస్తుంది. అందుకే పాత ఫర్నేస్‌కి అతుకులు వెయ్యడం కంటే తీసేసి కొత్తది పెట్టుకోవడమే మేలు. ఈయనా అదే చేశాడు.

కొత్త ఫర్నేస్ రెండు నిమిషాలు మండడం, ఆగిపోవడం. మళ్ళీ మండడం, ఆగిపోవడం. అమ్మినవాడి మీద పడ్డాడు, బోర్డు మార్పించాడు, అయినా అంతే. అసలు సంగతేమిటంటే ఆ ఫర్నేస్‌లో ఒక లిమిట్ స్విచ్ ఉంటుంది, పెట్టె మరీ వేడెక్కితే గ్యాస్ ఆపేస్తుంది. పెట్టె ఎందుకు వేడెక్కుతోంది? గాలి దాని మీదుగా సరిపడా పోవడం లేదు కాబట్టి. ఎందుకు పోవడం లేదు? గొట్టాలు పాతవే. కొత్త ఫర్నేస్ మాన్యువల్లో ఎన్ని గొట్టాలుండాలో, మొత్తం ఎన్ని చదరపు అంగుళాల దారి ఉండాలో రాసి ఉంటుంది, దాన్నెవరూ చదవరు. ఈయన బండిలో పాత రెండంగుళాల గొట్టాలు కొన్ని, మంచం కింద నలిగి చప్పిడిగా అయిపోయిన నాలుగంగుళాల గొట్టం ఒకటి. నాలుగంగుళాల గొట్టంలో దారి పన్నెండున్నర చదరపు అంగుళాలు, రెండంగుళాల దాంట్లో మూడు చిల్లర. వెడల్పు సగమైతే దారి నాలుగో వంతే మిగులుతుంది, చాలామంది సగం మిగులుతుందనుకుంటారు. పైగా గాలి తిరిగొచ్చే జాలీకి అడ్డంగా బూట్లు, దుప్పట్లు సర్దిపెట్టాడు. దుప్పట్లు తీసేసి, నలిగిన గొట్టం మార్చి, ఇంకో రెండు నాలుగంగుళాల గొట్టాలు వేశాక అదే ఫర్నేస్ ఏ గొడవా లేకుండా నడిచింది. మా వృత్తిలోనూ ఇదే రోగం. అప్లికేషన్ మెల్లగా ఉందంటే ముందు పెద్ద సర్వర్ కొంటారు, కింద డేటాబేస్ క్వెరీ ఎవడూ చూడడు.

ఆయన ఈ సంగతి చెబుతుంటే నాకు మా పాత క్వార్టర్ వంటిల్లు గుర్తొచ్చింది. మీలో ఎంతమంది బొగ్గుపొయ్యి చూశారో తెలియదు. గ్యాస్ రాకముందు మన దగ్గర వంటంతా బొగ్గు మీదే. సాయంత్రం అయిదయ్యిందంటే వాకిట్లో వరసగా పొయ్యిలు. మా అవ్వ కింద చితుకులు పేర్చి, పైన బొగ్గు పెళ్ళలేసి, కిరసనాయిలు చుక్క పోసి అంటించేది. కాలనీ మొత్తం పొగ. కళ్ళు మండేవి, తీగమీద ఆరేసిన బట్టలకి మసి వాసన. పొగ తగ్గి నిప్పు ఎర్రగా కుదురుకున్నాక పొయ్యిని ఎత్తుకొచ్చి వంటింట్లో గూడు కింద పెట్టేది. ఆ గూడు మీద నుంచి కప్పు దాకా, కప్పు పైకి కూడా, ఇటుక పొగగొట్టం ఉండేది.

చిన్నప్పుడు నాకొక డౌటుండేది. పొగంతా వాకిట్లోనే పోయింది కదా, మళ్ళీ ఈ గొట్టం దేనికి? అసలు ప్రమాదం పొగ పోయాకే ఉందని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. ఎర్రగా కణకణలాడే బొగ్గే కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, కంటికి కనపడదు, వాసన రాదు. రక్తంలోకి పోతే ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. బాయిలో దీనికోసమే ఒకప్పుడు పిట్టల్ని తీసుకుపోయేవాళ్ళు, హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1890ల్లో చెప్పిన ఉపాయం అది. ఆ క్వార్టర్ గీసిన ఇంజనీర్ ఎవరో గానీ గాలి తెలిసినవాడు. వేడిగాలి పైకి పోతుంది, పోతూ పోతూ కింది నుంచి కొత్త గాలిని లాగుతుంది. పెద్ద ఫ్యాన్లు రాకముందు, పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు గనుల్లో గాలి నడిపింది కూడా ఈ సూత్రంతోనే. షాఫ్టు అడుగున ఫర్నేస్ మండించి పెట్టేవాళ్ళు, వేడెక్కిన గాలి పైకి లేస్తే రెండో షాఫ్టులోంచి చల్లగాలి దిగేది. గ్యాసున్న గనిలో నిప్పు పెట్టడం ఎంత పిచ్చిపనో వేరే చెప్పక్కర్లేదు, ఫ్యాన్లు వచ్చాక అది పోయింది. మన వంటింటి పొగగొట్టం ఆ ఫర్నేస్ షాఫ్టుకి చిన్న తమ్ముడు.

తర్వాత గ్యాస్ వచ్చింది. మంచిదే, ఆడవాళ్ళ కళ్ళు బతికాయి. కానీ పొయ్యి మారగానే మనవాళ్ళు చేసిన మొదటి పని ఏమిటి? పొగగొట్టం మూసెయ్యడం! వానకి నీళ్ళు కారుతున్నాయని పైన బండ పెట్టి సిమెంటు కొట్టారు, కింద గూట్లో చెక్క అరలు కొట్టించి ఉప్పు, పప్పు డబ్బాలు పెట్టారు. తర్వాత వెనక వరండాకి గోడ కట్టి ఇంకో గది చేసుకున్నారు. వెనక కిటికీ ఆ గదిలోకి తెరుచుకోవడం మొదలైంది. ముందు వైపు కూలర్. అంటే ఇంటికున్న రిటర్న్‌లు ఒక్కొక్కటీ మన చేతులతోనే మూసుకున్నాం. కుటుంబం పెరిగింది, గది కావాలి, నేను కాదనను. గది కట్టేటప్పుడు గోడ పైభాగంలో రెండు జాలీ ఇటుకలు పెడితే ఎంత ఖర్చు? మేస్త్రీ అడగడు, మనం చెప్పం.

మొన్న ఏప్రిల్‌లో మా బావ ఇంటికెళ్ళాను. ఏసీ ఉంది, కూలర్ కూడా ఉంది.

"ఏసీ ఏసినం గని సల్లగైతలేదు బావా. సాయంత్రం ఆరైతే మరీ ఉడుకుతది."

"సాయంత్రమెందుకు ఎక్కువ ఉడుకుతది?"

"ఏమో, కరెంటు డిమ్ముంటది గదా."

కరెంటు కాదు. చెయ్యి పైకెత్తి స్లాబుని ముట్టుకోమన్నాను. పొయ్యి మీద పెనంలా ఉంది. పొద్దంతా ఎండ తాగిన స్లాబు సాయంత్రం నుంచి లోపలికి కక్కుతుంది. మే నెలలో ఏమీ వెయ్యని కాంక్రీటు కప్పు పైభాగం 60 డిగ్రీలు దాకా పోతుంది. 120 చదరపు అడుగుల గదికి, నాలుగంగుళాల స్లాబుకి నేనేసిన మోటు లెక్క ప్రకారం కప్పులోంచి దిగే వేడి ఒక్కటే కిలోవాటున్నర పైమాటే. దాదాపు అర టన్ను. మా బావ కొన్న ఒక టన్ను ఏసీలో సగం ఆయన నెత్తిమీద ఉన్న స్లాబుని చల్లార్చడానికే సరిపోతోంది. దాని మీద సున్నం కొట్టించమంటే "ఎవలన్న నవ్వుతరు, మిద్దె మీద సున్నమేంది" అన్నాడు. ముప్పయి అయిదు వేలు పెట్టి ఏసీ కొంటే ఎవరూ నవ్వరు, ఓ వెయ్యి రూపాయల సున్నానికి మాత్రం నవ్వుతారు :-)

ఇక డక్టు కూలర్ల సంగతి. ఈమధ్య మన దగ్గర ఇది ఫ్యాషన్ అయ్యింది. పెద్ద కూలర్‌ని మిద్దె మీదో గోడ బయటో పెట్టి, రేకు గొట్టంతో రెండు మూడు గదులకి గాలి పంపడం. ఆలోచన మంచిది, కూలర్ బయట ఉంటుంది కాబట్టి పొడిగాలే పీలుస్తుంది. చేసే తీరే ఘోరం. ఇంట్లో ఉన్న పాత డిజర్ట్ కూలర్ మూతికే రేకు గొట్టం బిగించి "డక్టు" అంటారు. డిజర్ట్ కూలర్‌లో ఉండేది రెక్కల ఫ్యాను. ఎదురుగా ఏమీ లేకపోతే బోలెడు గాలి ఇస్తుంది, కొంచెం అడ్డు తగిలితే చతికిలపడుతుంది. గొట్టంలోకి గాలి తొయ్యాలంటే బ్లోయర్ కావాలి, చుట్టూ డొప్పుండి రాట్నంలా తిరిగేది. బాయిలో మెయిన్ ఫ్యాను దగ్గర నిలబడ్డ ఏ ఫిట్టర్‌నడిగినా ఈ తేడా చెబుతాడు, తన ఇంటి కూలర్‌కి మాత్రం గుర్తురాదు. గొట్టమేమో డబ్బులు మిగులుతాయని ఆరంగుళాలు. అది గోడ దగ్గర తొంభై డిగ్రీలు కొట్టి తిరుగుతుంది, పైన ఎండలో పడి ఉంటుంది, చుట్టూ ఏమీ చుట్టరు. 30 డిగ్రీల గాలి ఆ కాలిన రేకులోంచి వచ్చేసరికి ఎంతై వస్తుందో మీరే ఆలోచించుకోండి. కుదిరితే గొట్టం నీడ వైపు నడపండి, పొట్టిగా ఉంచండి, మూలల్లో గుండ్రంగా తిప్పమనండి, పైన ఫోమ్ షీటో, పాత గోనెసంచులో చుట్టండి.

గాలి బయటికి పోయే దారి ఎంతుండాలంటే, నిమిషానికి వెయ్యి ఘనపుటడుగుల గాలికి ఒకటి నుంచి రెండు చదరపు అడుగులు అని ఒక వాడుక లెక్క. గంటకి 3000 ఘనపు మీటర్లిచ్చే కూలర్ అంటే నిమిషానికి 1750 ఘనపుటడుగుల పైన. దానికి కనీసం రెండు మూడు చదరపు అడుగుల దారి తెరిచి ఉండాలి. తొమ్మిదంగుళాల చదరపు పొగగొట్టం అరచదరపు అడుగు కంటే కాస్త ఎక్కువ. కాబట్టి పొగగొట్టం తెరిస్తే అన్నీ అయిపోతాయని నేననడం లేదు. అది వంటింటి వేడిని లాగుతుంది, మిగతా దానికి వెనక కిటికీయో వెంటిలేటర్లో కావాలి, దోమలకి మెష్ కొట్టుకోండి. మెష్ గాలిని కొంత ఆపుతుంది కాబట్టి దారి ఇంకాస్త పెద్దదుండాలి. కూలర్ ఇంటికి ఒక మూల, పోయే దారి ఎదురు మూల. రెండూ పక్కపక్కన పెడితే గాలి షార్ట్‌కట్ కొట్టి పోతుంది, మంచం మీద మనిషికి ఏమీ తగలదు. బాయిలో మధ్యగోడలు కట్టేది ఎందుకో గుర్తు తెచ్చుకోండి.

ఇంతవరకు క్వార్టరో, స్లాబు ఇల్లో ఉన్నవాళ్ళ గురించి మాట్లాడాను. అసలు కోపం ఇక్కడినుంచి. క్వార్టర్లలో ఏసీల గురించి యూనియన్ మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడతారు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికులు ఎక్కడుంటారు? బస్తీల్లో, సిమెంటు రేకుల కింద. పొద్దంతా నల్లటి బెంచీల మీద, డంపర్ల మధ్య పనిచేసి వచ్చేది రేకుల ఇంటికి. రేకుకి స్లాబులాగా ఆలస్యం కూడా ఉండదు, పదకొండింటికే నెత్తిమీద నిప్పుల కుంపటి. పర్మినెంటు మనిషే అయినా రిటైరయితే క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సిందే. మా బాపు దోస్తుల్లో సగం మంది అరవయ్యేళ్ళు దాటాక రేకుల ఇళ్ళలోకే పోయారు. వడదెబ్బ ముందు పట్టేది ఆ వయసువాళ్ళనే. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్ళు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 దాకా. తెల్లటి పూతో టైల్సో వేసి కప్పు వేడి తగ్గించాలని. ఉద్దేశం నూటికి నూరుపాళ్ళు మంచిది, దేశంలో ఇలాంటిది ముందు తెచ్చిన రాష్ట్రాల్లో మనది ఒకటి. కానీ తప్పనిసరి ఎవరికయ్యా అంటే, సర్కారు భవనాలకి, వాణిజ్య భవనాలకి, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకి. అంతకంటే చిన్న ఇళ్ళకి ఇష్టముంటే చేసుకోవచ్చు. 600 గజాల ఇల్లున్నవాడికి ఏసీలుంటాయి, ఫాల్స్ సీలింగ్ ఉంటుంది, చెట్లుంటాయి. అరవై గజాల రేకుల ఇంటివాడికి "ఇష్టముంటే"! ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే ఐచ్ఛికం. డబ్బా సున్నం, ఒక బ్రష్షు, సగం రోజు కూలీ. బస్తీ మొత్తానికి ఒక ఎండాకాలం ముందు కొట్టించడానికి ఎంతవుతుంది? ఇన్ని మెగావాట్ల కరెంటు మన నెత్తి మీదుగా పోతోంది, ఎన్టీపీసీ రామగుండం ఒక్కటే 2600 మెగావాట్లు. ఆ పక్కనే బతికేవాళ్ళ కప్పులకి సున్నం కొట్టించే లెక్క ఎవరి బడ్జెట్లోనూ లేదా? కంపెనీ సామాజిక బాధ్యత నిధుల్లో బస్‌స్టాపులూ ఆర్చీలూ కట్టే బదులు ఈ పని ఒక్క ఏడాది చేసి చూడమని నా డిమాండ్. ఏసీ ఇవ్వమని అడగడం కంటే ఇది చాలా చిన్న కోరిక.

రేకుల ఇళ్ళవాళ్ళకి ఒక హెచ్చరిక కూడా. రేకుల కింద థర్మాకోల్ కొట్టిస్తున్నారు కొందరు. చల్లగానే ఉంటుంది, కానీ నిప్పంటుకుంటే కరిగి మంట మీద పడుతుంది, ఆ పొగ విషం. కింద గ్యాసుపొయ్యి పెట్టుకుని పైన అది పెట్టుకోకండి. దానికంటే రేకు పైన సున్నం, కింద చాపల సీలింగు, రెండిటి మధ్య జానెడు ఖాళీ, ఆ ఖాళీ రెండు చివర్లా తెరిచి ఉంచడం నయం. మళ్ళీ అదే ముచ్చట, గాలి దారి. చాపకీ నిప్పంటుకుంటుంది కాబట్టి పొయ్యి ఉన్న వైపు మాత్రం అదీ వద్దు.

ఇంకోటి. చలికాలంలో డిసెంబరు, జనవరి రాత్రులు మన వైపు చలి బాగానే ఉంటుంది. కుంపట్లో బొగ్గులు వేసి గదిలో పెట్టుకుని తలుపు వేసుకునే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళల్లో చూస్తున్నాను, ముఖ్యంగా బాలింతలున్న ఇళ్ళల్లో. పైన చెప్పిన గ్యాస్ అప్పుడే పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు, తర్వాత లేవరు. పొగ రావడం లేదు కదా అని ధైర్యం చెప్పే పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోండి, పర్లేదు.

కూలర్ ఇనప బాడీకి కరెంటు పాకి పోయినవాళ్ళ వార్త ప్రతి ఎండాకాలం పేపర్లో ఉంటుంది. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు పీకెయ్యండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో పెట్టే తెలివి మానెయ్యండి. 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్సీబీ ఒకటి బోర్డులో పెట్టించుకోండి, ఏసీ ఖర్చులో అది పదోవంతు కూడా కాదు.

కొత్త మిషన్ కొనబోయే ముందు ఒక్క పని చెయ్యమని మా బావకి చెప్పాను, మీకూ అదే చెబుతున్నా. రాత్రి పదింటికి కూలర్ ఆన్ చేసి, ఒక అగరుబత్తి వెలిగించి, వెనక కిటికీ దగ్గరా, వంటింటి వెంటిలేటర్ దగ్గరా, తలుపు సందులోనా ఒక్కోచోట అరనిమిషం పట్టుకోండి. పొగ గట్టిగా బయటికి పోయే చోటు ఒకటైనా కనపడితే మీ కూలర్‌కి రిటర్న్ ఉన్నట్టే, గడ్డి మార్చుకుంటే చాలు. ఎక్కడ పట్టుకున్నా పొగ మీ మొహానికే తిరిగొస్తుంటే, దుకాణానికి కాదు, పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చెయ్యండి.